ఇంటిలో సరౌండ్ ధ్వని

మా ఇంట హోమ్ థియేటరు అమర్చిన మొదటి రాత్రి, బాంబుల మ్రోతకు కిటికీలు అదరినవి గాని, సంభాషణ మా అమ్మగారికి ఒక్క ముక్కయు అందలేదు. "బొమ్మ కనబడుచున్నది, మాట ఏదిరా?" అని ఆమె లేచి లోపలికి వెళ్లిరి.

లోపము పరికరములో లేదు, నా అమరికలో ఉన్నది. ఐదు స్పీకర్లును, మంద్రధ్వనికి ఒక సబ్ వూఫరును గల ఈ పద్ధతిలో సంభాషణ చాలవరకు మధ్య స్పీకరు నుండియే వచ్చును. దానిని నేను అరలో లోపలికి త్రోసి యుంచితిని! అంచుకు జరిపి, కూర్చుండువారి చెవుల వైపు త్రిప్పగా సగము బాధ తీరినది.

ఇక దూరముల మాట. ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. ముందరి స్పీకరు 3 మీటర్లలోను, వెనుకది 1.5 మీటర్లలోను ఉన్నచో, వెనుక ధ్వని 4 మిల్లీసెకండ్లకు పైగా త్వరపడి చేరును. మొదట వచ్చిన ధ్వని వైపే చెవి మొగ్గును. కావున కూర్చుండు చోటినుండి ప్రతి స్పీకరునకును టేపుతో కొలిచి, ఆ దూరములను రిసీవరులో నమోదు చేయవలెను. దగ్గరి స్పీకరు ధ్వనిని అది తగినంత ఆలస్యముగా పంపును. పిమ్మట మధ్య స్పీకరు స్థాయిని మూడు డెసిబెళ్లు పెంచితిని. ఎరుపు తీగ ఎరుపునకే, నలుపు నలుపునకే కలుపవలెననుట చిన్న విషయమే గాని, ఒక్క స్పీకరునకు తారుమారైనను మంద్రధ్వని పలుచబడును.

మరునాడు అమ్మగారు చివరివరకు కూర్చుండిరి. బాంబులను మాత్రము కొంచెము తగ్గించుమనిరి.