ఒకే మన్ను, రెండు వన్నెలు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



కుమ్మరి ఆవములో గాలి చక్కగా ఆడినచో కుండ ఎర్రనగును. గాలి అందక పొగ క్రమ్మినచో అదే కుండ నల్లనగును. మారినది మన్ను కాదు, గాలి. మంటిలోని ఇనుము చేయు వింత ఇది. దీనిపై రెండు గొప్ప కళలు వెలసినవి.

మొదటిది గ్రీసు దేశమందలి ఏథెన్సు నగరమున వర్ధిల్లినది. అచటి కుమ్మరులు మంటిని నీటిలో కలిపి తేర్చి, అందలి మిక్కిలి మెత్తని భాగముతో పాత్రలపై చిత్రములు వ్రాసెడివారు. పిమ్మట కాల్పు మూడు దశలుగా జరిగెడిది. తొలుత గాలి పారనిచ్చినంత పాత్ర ఎర్రనగును. తరువాత గాలి మూసి పచ్చికట్టెలు వేసినంత అంతయు నల్లనగును. తుదకు మరల గాలి విడిచినంత పాత్ర ఎర్రబడును. పూత మాత్రము గాజువలె బిగిసి, గాలిని లోనికి రానీయక నల్లగనే నిలుచును. మొదట బొమ్మలు నల్లగా వ్రాసి, సూదిమొనతో రేఖలు గీసిరి. క్రీ.పూ. 530 ప్రాంతమున ఆ పద్ధతి తలక్రిందులైనది: చుట్టును నలుపు పూసి, బొమ్మను మంటివన్నెననే విడిచిరి. అంతట వస్త్రముల మడతలు సైతము కుంచెకు లొంగినవి.

రెండవ కళ తెలుగునేలది. హైదరాబాదు పడమటి దిక్కున, గచ్చిబౌలిలోని కేంద్ర విశ్వవిద్యాలయ ఆవరణమున, ప్రాచీనుల రాకాసిగుళ్లు బయల్పడినవి. తెలుగునాట ఇట్టి సమాధులలో తరచుగా దొరకునవి నలుపు-ఎరుపు పాత్రలు. లోపలయు అంచునను నలుపు, వెలుపల క్రిందిభాగము ఎరుపు. పాత్రను బోర్లించి కాల్చుటచే లోపలికి గాలి అందక ఇట్లగునని పండితులు చెప్పుదురు. కుంచె లేకయే నిప్పు వేసిన వన్నెలివి!

ఆ సమీపముననే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నాటినుండి చుట్టుప్రక్కల మేడల పునాదులు లోతుగా త్రవ్వబడుచున్నవి. యంత్రము పెకలించి పారవైచిన పెంకు ఏ పొరలో, ఏ యెముక చెంత నుండెనో పిదప చెప్పగలవారుండరు. కొందరు గ్రీకు చిత్రకారులు పాత్రలపై తమ పేర్లు వ్రాసికొనిరి. తెలుగు కుమ్మరి వ్రాసికొనలేదు. పెంకు దొరకిన చోటే అతని చేవ్రాలు.

కావున బావి త్రవ్వునపుడుగాని, పునాది తీయునపుడుగాని ఇట్టి పెంకులు కనబడినచో పని నిలిపి, చోటును లోతును వ్రాసియుంచి, పురావస్తు శాఖకు తెలుపుడు. ఆ వ్రాతకు ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము కేటాయించుట రజతోత్సవమునకు తగిన కార్యము.