చక్కెర వద్దని చెప్పకపోతే: టెస్టింగ్ టూల్స్‌లో డిఫాల్ట్ సెట్టింగులు

దోహా నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మాట కొంచెం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి. అలాగని సైట్ మీద, డ్రైవింగ్‌లో, హోటళ్ళలో పనిచేసే అన్నలు, అక్కలు ఆపెయ్యకండి. నెలాఖరున ఫోన్ తీసి జీతం పడిందా అని చూసుకునే ప్రతి ఒక్కరికీ దీంతో పని ఉంది.

హైదరాబాద్ నుంచి ఈ మధ్యే ఇక్కడికొచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, ప్లేరైట్ వేసుకున్నాక కాన్ఫిగ్ ఫైల్ అదే తయారైపోతుంది కదా, దాంట్లో ఇంకేమన్నా మార్చాలా? వచ్చింది వచ్చినట్టు ఉంచెయ్యొచ్చా?"

మంచి ప్రశ్న. ఇక్కడ కఫెటీరియా ముందు కారు ఆపి కరక్ అడిగితే చక్కెర వేసే ఇస్తాడు. వద్దనుకుంటే మనమే ముందు చెప్పాలి. డిఫాల్ట్ అంటే అంతే. ఏమీ చెప్పనివాడికి ఏం దొరుకుతుందో అదే డిఫాల్ట్. టీములో పదిమంది ఉంటే తొమ్మిదిమంది ఆ ఫైల్ తెరిచి కూడా చూడరు, వాళ్ళ తప్పూ కాదు, పని ఒత్తిడి అలా ఉంటుంది. కాబట్టి డిఫాల్ట్ పెట్టేవాడు ఆ తొమ్మిదిమంది తరఫున నిర్ణయం తీసుకుంటున్నట్టు లెక్క.

ముందు టైమ్‌జోన్ చూద్దాం, ఎందుకంటే గల్ఫ్‌లో ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. ప్లేరైట్‌లో టైమ్‌జోన్ మనం చెప్పకపోతే అది ఏ మెషీన్ మీద నడుస్తుందో ఆ మెషీన్ టైమే తీసుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌లో దోహా టైం. హైదరాబాద్‌లో కూర్చున్న సహోద్యోగి దగ్గర ఇండియా టైం, మనకంటే రెండున్నర గంటలు ముందు. క్లౌడ్‌లో టెస్టులు నడిపే సర్వర్ సాధారణంగా యూటీసీలో ఉంటుంది, అది మనకంటే 3 గంటలు వెనక. ఒకే టెస్టు, మూడు గడియారాలు. ఇక్కడ ఒకటో తారీఖు అర్ధరాత్రి 12 నుంచి 3 గంటల వరకు ఆ సర్వర్‌కి ఇంకా పోయిన నెలే. ఆ మూడు గంటల్లో నైట్ షిఫ్ట్ అటెండెన్స్ కొట్టిన మనిషి గంటలు ఏ నెలలో పడాలి? పగలు పది గంటలకి నడిపే టెస్టుకి ఈ ప్రశ్నే రాదు, రోజూ పచ్చగా పాసవుతూనే ఉంటుంది.

అందుకని నా మాట: టైమ్‌జోన్‌ని మెషీన్ ఇష్టానికి వదలొద్దు, కాన్ఫిగ్‌లోనే ఖతర్ అని రాసి పెట్టేయండి. ఆ పైన కనీసం ఒక టెస్టులో గడియారాన్ని మనమే నెలాఖరు అర్ధరాత్రి ఒంటిగంటకి తిప్పి చూడాలి. ఒక జాగ్రత్త ఉంది. ఆ సెట్టింగు మారేది బ్రౌజర్‌కే, వెనకాల సర్వర్ గడియారం అలాగే ఉంటుంది. దాన్ని విడిగా చూసుకోవాలి.

దీనికి అన్నలాంటిది వారాంతం. ఖతర్‌లో సెలవు శుక్ర, శనివారాలు. పనిదినాలు లెక్కపెట్టే లైబ్రరీలు చాలావరకు సోమ నుంచి శుక్ర అనే అనుకుంటాయి. ఉదాహరణకి పైథాన్‌లో నంపై వాడేవాళ్ళకి తెలుసు, దాని డిఫాల్ట్ వారం 1111100, అంటే సోమవారం నుంచి మొదలుపెట్టి ఐదు రోజులు పని, శని ఆదివారాలు సెలవు. మనకి కావాల్సింది 1111001. రెండు అంకెల తేడా. ఆ రెండు మార్చకపోతే జీతాల ఫైల్‌కి శుక్రవారం తేదీ పడుతుంది, ఆదివారం మాత్రం సెలవనుకుని సోమవారానికి జరుగుతుంది.

ఇక్కడ వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ 2015లో వచ్చింది. జీతం గడువు తేదీ నుంచి 7 రోజుల్లోపు బ్యాంకు ఖాతాలో పడాలి. కంపెనీకి రెండు రోజుల ఆలస్యం పెద్దది కాకపోవచ్చు. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఇంటి దగ్గర చిట్టీ కట్టాల్సిన తారీఖు ఉన్నవాళ్ళకి మాత్రం ఆ రెండు రోజులు చాలా ఎక్కువ. పైగా "గల్ఫ్ అంతా ఒకటే" అని ఒక్క సెట్టింగు పెట్టినా కుదరదు. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకి మారిపోయింది. మూడు దేశాల్లో మనుషులున్న కంపెనీకి వారాంతం దేశాన్ని బట్టి ఉండాలి, దేశం చెప్పకపోతే టెస్టు అక్కడే ఆగిపోవాలి. ఊహించుకుని ముందుకి పోకూడదు.

డబ్బు లెక్క కూడా అంతే. రియాల్‌కి 100 దిర్హమ్‌లు, రెండు దశాంశాలు చాలు. కువైట్ దినార్‌కి, బహ్రెయిన్ దినార్‌కి, ఒమన్ రియాల్‌కి మూడు కావాలి. రెండే అని డిఫాల్ట్ పెట్టుకున్న టెస్టు కువైట్‌లో ఉన్న మనవాళ్ళ ఫిల్స్‌ని చూడనే చూడదు.

ఇంక రీట్రై. దీని మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. ప్లేరైట్‌లో అసలు డిఫాల్ట్ సున్నా, ఒకసారి ఫెయిలైతే ఫెయిలే. కానీ అది తయారుచేసి ఇచ్చే కాన్ఫిగ్ ఫైల్‌లో, సర్వర్ మీద నడిచేటప్పుడు ఇంకో రెండుసార్లు ప్రయత్నించు అని రాసి ఉంటుంది. మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసైతే దానికి ఫ్లేకీ అని పేరు పెట్టి, మొత్తం రన్ మాత్రం పాస్ అనే చెప్తుంది. నెట్ ఒక్క క్షణం తడబడితే రాత్రంతా నడిచిన రన్ పాడవకూడదని అలా పెట్టారు, అర్థం చేసుకోగలం.

కానీ ఇంటికి డబ్బు పంపే స్క్రీన్ అనుకోండి. పంపు బటన్ నొక్కాం, డబ్బు వెళ్ళింది, జవాబు రాలేదు. టెస్టు ఫెయిలైంది, మళ్ళీ కొత్తగా మొదలైంది, ఈసారి జవాబు వచ్చింది, పాస్. నిజం మనిషైతే? జవాబు రాకపోతే మళ్ళీ నొక్కుతాడు. రెండుసార్లు పోతుంది. టూల్ ఆ మొదటి ఫెయిల్యూర్‌లో మనకి చెప్పిన సంగతి అదే, మనం వినలేదు. డబ్బు తాకే టెస్టులకి రీట్రై సున్నా పెట్టండి. మిగతావాటికి ఉంచుకున్నా సరే, ఫ్లేకీ ఉంటే రన్‌ని ఫెయిల్ చెయ్యమనే ఆప్షన్ ఉంది, అది డిఫాల్ట్‌గా ఉండదు, మనమే ఆన్ చెయ్యాలి.

టైమ్‌అవుట్ విషయం త్వరగా చెప్పేస్తాను. సైప్రెస్ ఒక్కో కమాండ్‌కి 4 సెకన్లు ఆగుతుంది. ప్లేరైట్ ఒక తనిఖీకి 5 సెకన్లు, మొత్తం టెస్టుకి 30 సెకన్లు. సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్ సున్నా. టెస్టు ఫెయిలవ్వగానే దీన్ని 60 చేసేయడం మనవాళ్ళకి అలవాటు. అలా చేస్తే 2 సెకన్లలో రావాల్సిన పేజీ 40 సెకన్లకి దిగజారినా ఎవరికీ తెలీదు, రాత్రి క్యాంపులో ఒక వైఫైని గదులన్నీ పంచుకునేవాళ్ళకి తప్ప. పెంచాల్సి వస్తే ఆ ఒక్క టెస్టులో పెంచి, ఎందుకో పక్కన ఒక లైన్ రాయండి. సెలీనియంలో ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్‌లు కలపొద్దని వాళ్ళ డాక్యుమెంటేషనే చెప్తుంది, 10, 15 సెకన్లు కలిపి పెడితే 20 దాకా ఆగొచ్చట. అన్నట్టు, ప్లేరైట్ తెర కొలత చెప్పకపోతే 1280కి 720. క్యాంపులో జీతం స్లిప్పు ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్ళు ఎంతమంది? ముందు ఫోన్ తెర పెట్టుకోండి.

చివరగా పేర్లు. పైథాన్‌లో ఫేకర్ అనే లైబ్రరీ టెస్టుల కోసం ఉత్తుత్తి పేర్లు పుట్టిస్తుంది. భాష చెప్పకపోతే అమెరికా ఇంగ్లీషు, అన్నీ జాన్, స్మిత్ లాంటివే. ముందు పేరు ఒకటి, చివరి పేరు ఒకటి, రెండూ పొట్టివి. మన పాస్‌పోర్టులు అలా ఉంటాయా? కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. కొందరికి ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత పేరు అన్నీ ఒకే గడిలో. నేను చూసిన ఒక పేరోల్ యాప్‌లో చివరి పేరు లేకపోతే సేవ్ కాదు. హెచ్‌ఆర్‌లో కూర్చున్నాయన చుక్క పెట్టి సేవ్ చేశాడు, బ్యాంకు ఆ చుక్కని ఒప్పుకోలేదు, ఒక తాపీమేస్త్రీ జీతం తిరిగొచ్చింది. ఆ యాప్‌కి టెస్టులు లేవా అంటే వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఒంటి పేరు మనిషి లేడు.

అందుకే ఆ తమ్ముడికి చెప్పాను, ఫేకర్‌ని పక్కన పెట్టి ఒక పదిహేను పేర్ల జాబితా నువ్వే రాసి డిఫాల్ట్ డేటాగా పెట్టు. ఒంటి పేరు, 40 అక్షరాల పేరు, పొడి అక్షరంతో మొదలయ్యే పేరు, అరబిక్‌లో రాసిన పేరు. జాబితా మొదలైంది, ఇప్పటికి తొమ్మిది ఉన్నాయి. మీ పేరు ఎప్పుడైనా ఏ ఫారంలోనైనా పట్టకపోతే, ఎలా పట్టలేదో ఈ ఎపిసోడ్ కింద రాయండి. ఊరు పేరు రాసినా పర్వాలేదు గానీ పాస్‌పోర్టు నంబరు, ఐడీ నంబరు మాత్రం పెట్టొద్దు.