నవాల్, ఉష, మన ఆడపిల్లలు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. పదో తరగతి ఫలితాలు, స్కాలర్‌షిప్పులు, మధ్యలో బడి మానేసినవాళ్ల లెక్కలు, ఇవే చెప్తూ వచ్చాం. ఈసారి ఒక పరుగు పందెం గురించి చెప్తాం. ఆ పందెం ఒక్క నిమిషంలోపే అయిపోయింది. దాని వెనకాముందూ చెప్పడానికి మాత్రం పావుగంట పడుతుంది, ఓపిక పట్టండి.

1984 ఆగస్టు 8. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు, దారిలో పది అడ్డుకర్రలు. ఆడవాళ్లకు ఈ పందెం ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. నిలబడ్డ ఎనిమిది మందిలో ఇద్దరి సంగతి మనకు కావాలి. ఒకరు మన దేశపు పి.టి. ఉష, కేరళలోని పయ్యోలి అమ్మాయి. ఇంకొకరు మొరాకో దేశం, కాసాబ్లాంకా నగరం నుంచి వచ్చిన నవాల్ ఎల్ ముతవక్కిల్. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. ఆ ఒలింపిక్స్‌కు మొరాకో పంపిన జట్టులో ఆడమనిషి ఆమె ఒక్కతే.

నవాల్ 54.61 సెకన్లలో మొదటిగా వచ్చింది. రెండో స్థానం అమెరికా అమ్మాయికి దక్కింది. మూడో స్థానం రుమేనియా అమ్మాయిది, 55.41. ఉష 55.42. సెకనులో నూరో వంతు తేడాతో మన దేశానికి కంచు పతకం పోయింది. ఆ ఉదయం రేడియోలో వార్త విని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎంత బాధపడ్డారో మాకు గుర్తుంది. ఆ బాధలో పందెం గెలిచిన అమ్మాయి ఎవరో ఎవరికీ పట్టలేదు. మాకూ పట్టలేదు. ఆమె ముస్లిం అమ్మాయి అనీ, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి అరబ్బు మహిళ అనీ, మొరాకోకు అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణమనీ చాలా ఏళ్ల తర్వాత, పాఠం చెప్పడానికి వెతుక్కుంటుంటే తెలిసింది.

మొరాకోలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. అయినా కాసాబ్లాంకాలో జనం వీధుల్లోకి వచ్చారు. రాజు రెండో హసన్ స్వయంగా ఫోన్ చేశారు. ఆ రోజు పుట్టిన ఆడపిల్లలందరికీ నవాల్ అని పేరు పెట్టమన్నారు. నవాల్ అంటే అరబీలో కానుక అని అర్థం. మన హాజరు పట్టీల్లో సినిమా తారల పేర్లు చూసీ చూసీ ఉన్నవాళ్లం కాబట్టి, ఒక పరుగు పందెం మీద పేర్లు పెట్టుకున్న దేశం ఉందంటే మాకు ముచ్చటేసింది.

కానీ ఆ అమ్మాయి ఆ గీత దాకా ఎలా వచ్చిందన్నది మేము ఈ సభలో చెప్పదలచుకున్న మాట. ఆమెను మైదానానికి పంపింది తండ్రి. 1983లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఇరవై ఏళ్ల ఆడపిల్లను సముద్రాలు దాటించి, మనవాళ్లెవరూ లేని చోటికి, పరుగెత్తడానికి పంపడం. మన ఊళ్లో ఏ నాన్న అయినా ఎన్ని రాత్రులు నిద్రపోకుండా ఆలోచించాల్సిన సంగతో మీకు తెలుసు. ఆయన పంపారు. ఆమె అక్కడికి చేరిన కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. కూతురి పతకాన్ని ఆ తండ్రి చూడలేదు. ఆ తర్వాత 1985 నవంబరులో జరిగిన విమాన ప్రమాదంలో ఆ యూనివర్సిటీ కోచ్‌లు, తోటి క్రీడాకారిణులు మరణించారు. ఇన్ని దెబ్బలు తిన్నా ఆమె చదువు వదల్లేదు, డిగ్రీ పూర్తి చేసి సొంత దేశం వెళ్లింది.

అక్కడి నుంచి ఆమె రెండో పరుగు మొదలైంది. 1993లో కాసాబ్లాంకాలో ఆడవాళ్ల కోసం ఒక పరుగు మొదలుపెట్టింది. గెలుపు కోసం కాదు, సరదా కోసం. అమ్మమ్మలు, కాలేజీ పిల్లలు, తల మీద స్కార్ఫు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, వేలమంది ఏటా నగరం నడిరోడ్డు మీద పరుగెత్తారు. 1997లో ప్రభుత్వంలో యువజన, క్రీడల వ్యవహారాలు చూసే పదవి వచ్చింది. 2007 నుంచి 2009 దాకా పూర్తి స్థాయి క్రీడల మంత్రి. మధ్యలో 1998లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యురాలైంది. 2012, 2016 ఒలింపిక్స్ కోసం పోటీపడ్డ నగరాలను తిరిగి చూసి, ఏది తగునో నివేదిక ఇచ్చిన సంఘాలకు ఆమే అధ్యక్షురాలు. 2012లో ఆ కమిటీకే ఉపాధ్యక్షురాలు. తన జట్టులో ఒంటరిగా నిలబడ్డ పిల్ల, లండన్, రియో లాంటి నగరాల మేయర్లు ఎదురొచ్చి స్వాగతం చెప్పే చోటికి చేరింది.

మరి మన ఉష? అదే పందెంలో నాలుగో స్థానం. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది. 2002లో సొంత రాష్ట్రంలో పరుగుల బడి పెట్టి పిల్లల్ని తయారుచేసింది. 2022 జూలైలో రాజ్యసభకు నామినేట్ అయింది. మన కొవ్వూరు వాడైన సినిమా రచయిత విజయేంద్ర ప్రసాద్ గారి పేరు కూడా అదే జాబితాలో వచ్చింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు డిసెంబరులోనే ఉష భారత ఒలింపిక్ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. అంటే ఆ రోజు ఒకే గీత మీద నిలబడ్డ ఎనిమిది మందిలో ఒకరు మంత్రి, ఒకరు ఎంపీ.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నామినేషన్ మీద సభకు వెళ్లడం, జనం ఓటుతో వెళ్లడం ఒకటి కాదు. ఓటుతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 800, 1500 మీటర్ల పరుగుల్లో స్వర్ణాలు గెలిచిన జ్యోతిర్మయి సిక్దర్ 2004లో బెంగాల్‌లోని కృష్ణానగర్ నుంచి లోక్‌సభకు గెలిచింది, తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయింది. మన హైదరాబాదు అజహరుద్దీన్ గారు పరుగు పందెం మనిషి కాదు, బ్యాటు మనిషి. ఆయన 2009లో మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యారు. పేరున్నవాళ్లు రాజకీయాల్లోకి వెళ్తే అందరూ పని చేస్తారని మేము అనం. పతకం చూపించి ఓట్లడిగి, ఆ తర్వాత కనపడనివాళ్లూ ఉంటారు. కానీ మైదానం ఎవరికి ఇవ్వాలి, హాస్టలు ఎక్కడ కట్టాలి, ఆడపిల్లల జట్టుకు డబ్బు ఉందా లేదా అన్నవి తేలేది ఆ గదుల్లోనే. ఆ గదిలో ఒకప్పుడు తాను పరుగెత్తిన మనిషి ఒక్కరైనా కూర్చుంటే మాట తీరు వేరుగా ఉంటుంది.

బట్టల సంగతి అడుగుతారని తెలుసు. కిందటేడు ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు కూడా. నవాల్ అందరిలాగే నిక్కరుతో పరుగెత్తింది. అది ఆమె, ఆమె ఇంటివాళ్లు తేల్చుకున్న సంగతి. బహ్రెయిన్ అమ్మాయి రుఖయా అల్ ఘస్రా తల, చేతులు, కాళ్లు నిండా కప్పుకుని పరుగెత్తి, 2006 దోహా ఆసియా క్రీడల్లో 200 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆ బట్టలతోనే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. కాబట్టి మన పిల్లను ఆపేది బట్ట కాదు. ఇక దీన్‌లో దీనికి చోటుందా అంటే, హజ్రత్ ఆయిషా (రజి.) గారు ప్రవక్త (స) వారితో పరుగు పందెం వేశారనీ, ఒకసారి ఆమె, ఇంకోసారి ఆయన గెలిచారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. మాకంటే హజ్రత్ గారు వివరంగా చెప్పగలరు, ఆయన ఇక్కడే ఉన్నారు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న మామిడి తోట కాపు గుత్తకు తీసుకునేవారు. పూత మొదలైనప్పటి నుంచి కాయ దిగేదాకా ఇంటిల్లిపాదీ తోటలో గుడిసెలోనే. ఆ పిల్ల గుడిసె నుంచి బడికి తోట గట్టు వెంట పరుగున వచ్చేది. రసాల కాలంలో కోతుల వెంటా, పక్షుల వెంటా పరుగే. మండల పోటీల్లో 200, 400 రెండూ గెలిచింది. నూజివీడులో డివిజన్ పోటీల్లోనూ 400లో మొదటిగా వచ్చింది. కాళ్లకున్నవి వాళ్ల అన్నయ్య కాన్వాసు బూట్లు. ముందు భాగంలో గుడ్డ పీలికలు కుక్కుకుని పరుగెత్తింది.

తర్వాత మచిలీపట్నంలో జిల్లా పోటీలు. రెండు రోజులు ఉండాలి. వాళ్ల నాన్న వద్దనలేదు. ఒక్క మాట అడిగారు. “ఆడ టీచరు ఎవరైనా తోడు వెళ్తారా అమ్మా?” అని. బడిలో అప్పుడు ఆడవాళ్లం ఇద్దరమే. త్రైమాసిక పరీక్షల పేపర్లు దిద్దాలి, మార్కులు ఎక్కించాలి. కుదరదన్నాం. ఆ పేపర్లు వారం ఆలస్యంగా దిద్దితే ఏ కొంపా మునిగేది కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పిల్ల వెళ్లలేదు. మళ్లీ ఏడు పరుగుల ఊసే ఎత్తలేదు. పదో తరగతితో చదువు ఆగింది, ఇరవై నిండకుండా నిఖా అయింది.

ఇందులో ఆ తండ్రి తప్పు ఏముంది? పంపడానికి సిద్ధపడ్డాడు. నవాల్ తండ్రికీ ఈయనకీ మనసులో తేడా లేదు. అక్కడ స్కాలర్‌షిప్ ఉంది, కోచ్ ఉన్నాడు. ఇక్కడ ఒక బస్సు టికెట్టు, ఒక తోడు మనిషి లేరు.

ఉష గారి విషయంలో మమ్మల్ని కట్టిపడేసింది సియోల్ పతకాలు కావు. 1976లో కేరళ ప్రభుత్వం కన్నూరులో ఆడపిల్లల కోసం క్రీడా పాఠశాల పెట్టింది. నలభై మంది పిల్లల్ని చేర్చుకుంది. పన్నెండేళ్ల ఉష వాళ్లలో ఒకరు. కోచ్ నంబియార్ గారికి ఆమె దొరికింది అక్కడే. మిగతా ముప్పై తొమ్మిది మంది పేర్లు మనకు తెలియవు. వాళ్ల కోసం పెట్టిన ఖర్చు దండగ అని ఎవరైనా అంటారా? నలభై మందికి తిండి, గది, బూట్లు పెట్టకపోతే ఆ ఒక్కరు బయటపడేవారు కాదు. పోనీ ఆ ముప్పై తొమ్మిది మందీ ధైర్యంగా నలుగురిలో నిలబడటం నేర్చుకునే ఉంటారు. దాతలు మమ్మల్ని తరచుగా అడుగుతారు, “మేడమ్, ఈ పిల్లల్లో ఎవరైనా పైకొస్తారా?” అని. ఎవరో ముందే తెలిస్తే మనం ఒక్కరికే ఇచ్చి ఊరుకునేవాళ్లం.

ఇంకో సంగతి, ఇది డబ్బు లెక్క. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు ఇప్పుడు 3 శాతం రిజర్వేషన్ ఉంది. సర్టిఫికెట్ ఉన్న పిల్ల దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. గుడిసె దగ్గరే ఆగిపోయిన పిల్లకు ఆ సర్టిఫికెట్ రాదు. విశాఖపట్నం జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. ఇద్దరూ కూలీనాలీ చేసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. రేపు వాళ్లు ఏ సభలో కూర్చుంటారో ఎవరు చూశారు?

సొసైటీ ఏటా కుట్టు మిషన్లు ఇస్తోంది, మంచి పని, ఆపమని అనం. దాని పక్కనే ఇంకో పద్దు తెరవమని అడుగుతున్నాం. ఏటా పది మంది ఆడపిల్లలకు బూట్లు, నిండు చేతుల జెర్సీ, ట్రాక్ ప్యాంటు. ఉదయం పరుగు అయ్యాక గుడ్డు, అరటిపండు. పోటీలకు వెళ్లినప్పుడు పిల్లకూ, తోడు వెళ్లే తల్లికో అక్కకో బస్సు ఛార్జీలు, భోజనం. తోడు మనిషి ఖర్చు తప్పకుండా రాయండి, మొదటి వరుసలో రాయండి. ఎవరూ దొరక్కపోతే మేము వెళ్తాం. పేపర్లు రైల్లోనో బస్సులోనో దిద్దుకుంటాం.

ఆ పిల్ల, అంటే ఇప్పుడు పిల్ల కాదు, ఈ సభలోనే ఉంది. వెనక నుంచి రెండో వరుస. ఆమె కూతురు మా దగ్గరే ఆరో తరగతి. మొన్న మండల పోటీల్లో 200 మీటర్లలో రెండో స్థానం వచ్చింది, చెప్పులు విడిచి పరుగెత్తింది. తల్లిని అడిగాం, పంపుతావా అని. “మీరు తోడొస్తే పంపుతాను టీచర్” అంది. బూటు సైజు కొలిచి పెట్టుకున్నాం, మూడు.