దిగులు మందు – దిగులు లేని మనిషి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు గురించి, బి.పి. గురించి మనం యేటా వింటూనే వున్నాము. ఈసారి దిగులు జబ్బుకు యిచ్చే మాత్రల సంగతి చెప్పదలిచాను. కారణం వున్నది. మన కిషన్‌బాగ్ ఇళ్ళలో మందు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. అత్తగారికి డాక్టరు రాసిన గోలీ కోడలికీ చేరుతుంది. "నాకు మంచిగ పనిచేసింది, నువ్వూ వేసుకో" అంటారు. పరీక్షలకు చదివే పిల్లవాడు మెదడు చురుకవుతుందని ఆశపడతాడు. మరి జబ్బు లేని మనిషి వేసుకుంటే నిజంగా యేమవుతుంది?

ఈ మందులు అనుకోకుండా దొరికినవి. 1952లో అమెరికాలో క్షయ రోగులకు ఐప్రోనియాజిడ్ యిస్తే వారికి హుషారు పెరిగింది. 1957లో స్విట్జర్లాండు డాక్టరు రోలాండ్ కూన్, ఇమిప్రమిన్ దిగులును తగ్గిస్తుందని ప్రకటించాడు. అదే ఇమిప్రమిన్ ఆరోగ్యవంతుడు మింగితే హుషారు రాదు సరికదా, మత్తు వస్తుంది, నోరెండుతుంది. అమిట్రిప్టిలిన్ కూడా అంతే. రాత్రి వేసుకున్నదాని మత్తు పొద్దున కూడా వుండవచ్చు. ఆటో నడిపే సోదరులు ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాత వచ్చిన ఫ్లూఆక్సిటిన్, ఎస్‌సిటాలోప్రామ్ వంటివి యింత మత్తు యివ్వవు. మెదడులో ఒక నరం నుంచి యింకొక నరానికి కబురు మోసే పదార్థాలలో సెరటోనిన్ ఒకటి. కబురు అందిన తర్వాత, పంపిన నరమే దాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఈ మాత్రలు ఆ లాక్కోవడాన్ని అడ్డుకుంటాయి.

ఆక్స్‌ఫర్డులో కాథరిన్ హార్మర్ బృందం జబ్బు లేని 42 మందిని మూడు జట్లు చేసింది. రెండు జట్లకు రెండు రకాల దిగులు మందులు, మూడో జట్టుకు ఉత్త గోలీలు, 7 రోజులు యిచ్చింది. ఫలితాలు 2004లో వచ్చాయి. మందు వేసుకున్నవారు మాకు సంతోషం పెరిగిందని చెప్పలేదు. కాని ఎదుటివారి ముఖంలో భయాన్ని, కోపాన్ని గుర్తించడం తగ్గింది. మంచి మాటలు ఎక్కువ జ్ఞాపకమున్నాయి. 2006లో స్కానింగులో చూస్తే, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గివున్నది. అంటే మనసుకు తెలియకముందే మెదడు చూపు మారుతున్నదన్నమాట. ప్రతి ముఖంలో కోపమే కనిపించే దిగులు రోగికి ఇది మేలు. ఏ జబ్బూ లేనివాడికి దీనితో పనేమిటి?

2023లో కేంబ్రిడ్జి, కోపెన్‌హేగన్ పరిశోధకులు యింకో సంగతి చెప్పారు. 66 మంది ఆరోగ్యవంతులలో కొందరికి మూడు వారాలకు తక్కువ కాకుండా ఎస్‌సిటాలోప్రామ్ యిచ్చారు. జ్ఞాపకశక్తి పెరగలేదు, తగ్గలేదు. ధ్యాస కూడా అంతే. కాని ఏది లాభం, ఏది నష్టం అని ఫలితాన్ని చూసి నేర్చుకునే శక్తి కొంత మందగించింది. "ఏడుపూ రావటం లేదు, నవ్వూ రావటం లేదు" అని కొందరు రోగులు చెప్పే మాటకు మూలం యిక్కడ వుండవచ్చునని వారి ఊహ. కనుక పరీక్షల పిల్లలకు ఇది తెలివి గోలీ కాదు.

ఇంత విని, మందు అవసరమైనవారు డబ్బా అవతల పారేయకండి. హఠాత్తుగా మానేస్తే తల తిరుగుతుంది, చిరాకు, నిద్రలేమి పట్టుకుంటాయి. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. రంజాను ఉపవాసాలుంటే సహరీకో, ఇఫ్తారుకో వేళ మార్చమని ముందే అడగండి. పాతికేళ్ళ లోపు పిల్లలకు మొదలుపెడితే తొలి వారాలు కనిపెట్టి వుండాలి. కొందరికి చనిపోవాలనే ఆలోచనలు రావచ్చు.

ఎర్రగడ్డ ఆసుపత్రి పేరెత్తితే మన వూళ్ళో వెక్కిరింత. ఆ వెక్కిరింతకు జడిసే మనిషి డాక్టరు దగ్గరకు పోకుండా పక్కింటి గోలీ అడుగుతాడు. ఎర్రగడ్డకు పోవడం సిగ్గనుకుంటే ఉస్మానియా ఆసుపత్రి వున్నది. అదీ కుదరకపోతే 2022లో మొదలైన టెలిమానస్‌కు, 14416కు, ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

ఇంట్లో ఒకరు దిగులుగా వుంటే వారికి మీ గోలీ యివ్వకండి. వెంట వుండి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఇదే నా మనవి. సెలవు.