వేసవి విజ్ఞాన శిబిరాలు - సరిహద్దు తాలూకాల విద్యార్థులు
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాలలో గతాన్ని స్మరించుకోవడం సంప్రదాయం. ఆ పనిని ఇతర వక్తలు సమర్థంగా నిర్వహించారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం సంవత్సరంలో పాఠశాల తలుపులు మూసివుండే రెండు నెలలను గురించినది. మార్చి, ఏప్రిల్ మాసాలలో పరీక్షలు ముగుస్తాయి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల పిల్లవాడు ఆ తరువాత ఏం చేస్తాడు? పట్టుపురుగులు పెంచే ఇంట మల్బరీ ఆకు కోస్తాడు. టమాటా తోటలో బుట్టలు నింపుతాడు. కొందరు బెంగుళూరులోని బంధువుల ఇంటికి పోయి, అక్కడి అంగళ్ళలో చేతిసాయం చేసి నాలుగు రూపాయలు తెస్తారు. వీటిలో ఏదీ తక్కువ పని కాదు. అయితే అదే రెండు నెలలలో ఆ నగరంలో అదే వయసు పిల్లలు దూరదర్శినిలో శనిగ్రహ వలయాలను చూస్తుంటారు, యంత్రాల బొమ్మలు విప్పి బిగిస్తుంటారు. ఈ వ్యత్యాసం తెలివితేటల వల్ల వచ్చినది కాదు. సమాచారం అందకపోవడం వల్ల, ఒక దరఖాస్తు సకాలంలో పంపకపోవడం వల్ల వచ్చినది.

ఈ జిల్లా మట్టికి విజ్ఞానం కొత్త కాదు. 2007 వరకు కోలారు జిల్లాలో భాగంగా ఉండిన ఈ ప్రాంతంలోనే, చిక్కబళ్ళాపురం సమీపాన ముద్దేనహళ్ళిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించారు. ఆయన పూర్వులు మోక్షగుండం నుండి వలస వచ్చిన తెలుగువారు. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరులో పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పుకొంటూ 1881లో బి.ఏ. పూర్తిచేసి, పూనాలో ఇంజనీరింగు చదివిన వృత్తాంతం ఈ సభలో పలువురికి విదితమే. భారతరత్న సి.ఎన్.ఆర్. రావు గారి పేరులోని మొదటి అక్షరం చింతామణిని సూచించేది. ఇట్లా పేర్లు చెప్పుకొని గర్వపడడం సులభం. సంవత్సరానికొకసారి, సెప్టెంబరు 15వ తేదీన, చిత్రపటానికి పూలమాల వేయడం ఇంకా సులభం.

వీరికంటె ఈ విషయానికి సన్నిహితమైన వ్యక్తి మరొకరున్నారు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించిన డాక్టర్ హెచ్. నరసింహయ్య. మాధ్యమిక విద్య ముగిసిన పిదప పైచదువుకు దారి లేని ఆ బాలుడు, 1935లో బెంగుళూరు నేషనల్ హైస్కూలులో చేరడానికి కాలినడకన బయలుదేరాడు. బస్సుకు డబ్బు లేదు, అంతే. ఆ నడక నడిచిన బాలుడే తరువాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రంలో 1960లో డాక్టరేటు పొందాడు. నేషనల్ కళాశాల ప్రిన్సిపాలుగా, 1972 నుండి 1977 వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేశాడు. వివాహం చేసుకోక, కళాశాల వసతిగృహంలోని ఒక గదిలోనే జీవితమంతా గడిపి 2005లో కన్నుమూశారు.

ఆయన చేసిన పనులలో ఈ సందర్భానికి కావలసినవి రెండు. 1962లో బెంగుళూరు సైన్సు ఫోరం స్థాపించి, విజ్ఞాన ఉపన్యాసాలకు పండితులనే కాక వీధిన పోయేవారిని కూడ ఆహ్వానించారు. ప్రవేశ రుసుము లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చును, లేచి ప్రశ్న వేయవచ్చును. రెండవది, తాను నడిచిపోయిన దారిన వెనుకకు వచ్చి గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కళాశాలలు నెలకొల్పడం. నగరానికి పిల్లవాడు నడిచిపోవడం ఒక పద్ధతి, చదువే పల్లె దగ్గరికి రావడం మరొక పద్ధతి అని ఆయన గ్రహించారు. వేసవి శిబిరాల విషయంలో నేటికీ ఈ రెండు పద్ధతులే ఉన్నవి.

ఇట్టి శిబిరాల పుట్టుక కొంత విచిత్రమైనది. 1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోనికి పంపగా, అమెరికా ఉలికిపడి, హైస్కూలు పిల్లలకు శాస్త్రం నేర్పే తీరునే తిరగతోడింది. 1959లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ అనే చిన్న ఊరిలో ప్రారంభమైన వేసవి విజ్ఞాన కార్యక్రమంలో, పిల్లలు రాత్రి ఒక గ్రహశకలాన్ని ఛాయాచిత్రం తీసి, పగలు దాని కక్ష్యను స్వయంగా లెక్కించేవారు. పాఠం తక్కువ, పని ఎక్కువ. ఆ కార్యక్రమం నేటికీ జరుగుతున్నది. భారతదేశంలో 1963లో జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ ఆరంభమై, ఎంపికైన విద్యార్థులకు వేసవి పాఠశాలలు నడిచాయి. ఆ పథకం తరువాత రూపం మార్చుకొని, కడకు 2021లో ఆగిపోయింది. 1999లో వచ్చిన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన్ యోజన కూడ 2022లో ముగిసింది. పాత కరపత్రాలు చూసి వీటికి సిద్ధమయ్యే పిల్లలు నేటికీ కొందరున్నారు కనుక ఈ మాట స్పష్టంగా చెప్పవలసి వచ్చింది.

ప్రస్తుతం హైస్కూలు విద్యార్థికి అందుబాటులో ఉన్నవాటిలో ముఖ్యమైనది భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2019లో ప్రారంభించిన ‘యువిక’ - యువ విజ్ఞాని కార్యక్రమం. తొమ్మిదవ తరగతి విద్యార్థులకు మే నెలలో సుమారు రెండు వారాలు. మొదటి ఏడు రాష్ట్రానికి ముగ్గురినే తీసుకొన్నారు. కోవిడ్ వల్ల రెండేండ్లు ఆగి, 2022లో 150 మందితో మళ్ళీ ఆరంభమై, తరువాత సంఖ్య పెరిగింది. శ్రీహరికోట, హైదరాబాదు, బెంగుళూరు మొదలైన కేంద్రాలలో పిల్లలను ఉంచి, ప్రయాణపు ఖర్చు, భోజనం, వసతి అన్నీ సంస్థయే భరిస్తుంది. తల్లిదండ్రులు గమనింపవలసిన అంశం ఒకటి ఇందులో ఉన్నది. ఎంపికలో సగం భారం ఎనిమిదవ తరగతి మార్కులది. పంచాయతీ పరిధిలోని పాఠశాలలో చదివే పిల్లలకు ప్రత్యేకంగా వంద పాళ్ళలో పదిహేను పాళ్ళు కేటాయించారు. అనగా పల్లెటూరి బడిలో చదవడం ఇక్కడ లోపం కాదు, లాభం. కాని ఎస్సెస్సెల్సీ వచ్చిన తరువాతనే చదువును గురించి ఆందోళన మొదలుపెట్టే ఇంటిలో ఈ అవకాశం అప్పటికే చేజారిపోయి ఉంటుంది. పదవ తరగతి విద్యార్థికి అర్హత లేదు.

‘ఇన్‌స్పైర్-మానక్’ అనే మరొక పథకంలో విద్యార్థి తన ఆలోచన ఒకటి వ్రాసి పాఠశాల ద్వారా పంపితే, ఎంపికైనవారికి నమూనా తయారుచేయడానికి 10,000 రూపాయలు ఇస్తారు. దీనికి నగరం పోనవసరం లేదు, ప్రధానోపాధ్యాయుడు శ్రద్ధ వహిస్తే చాలు. 1993 నుండి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు కూడ ఇట్టిదే. పదేండ్ల నుండి పదిహేడేండ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తమ భాషలోనే పరిశోధించి నివేదిక సమర్పించవచ్చును.

భాష మాట వచ్చింది కనుక కొంత నిలువక తప్పదు. బాగేపల్లి, గుడిబండ, చింతామణి ప్రాంతాలలో ఇంట తెలుగు, కచేరిలో కన్నడం, దరఖాస్తులో ఆంగ్లం. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు గురుత్వాకర్షణ తెలుసు, కిరణజన్య సంయోగక్రియ తెలుసు. శిబిరంలో అదే విషయాన్ని ఆంగ్లంలో అడిగితే తలవంచుకొంటుంది. అది అజ్ఞానం కాదు, మాట దొరకకపోవడం. కైవారం నారాయణ తాత గాజులమ్ముకొంటూ తెలుగులోను కన్నడంలోను తత్త్వాలు పాడిన సీమ ఇది. రెండు భాషల మధ్య తిరగడం ఇక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. మూడవ భాషలోని శాస్త్రపదాలను తెలుగు మాటల పక్కన వ్రాసిన చిన్న నోటుపుస్తకం ఒకటి తొమ్మిదవ తరగతిలోనే ప్రతివారికి ఉంటే, ఆ తలవంపులో సగం తీరుతుంది. సరిహద్దు ఆవల జన విజ్ఞాన వేదిక ప్రచురించే ‘చెకుముకి’ మాసపత్రిక ఇందుకు సాయపడుతుంది. కన్నడం చదవగల పిల్లలకు కర్ణాటక రాజ్య విజ్ఞాన పరిషత్తు వారి ‘బాల విజ్ఞాన’ ఉన్నది.

ఇక ఆడపిల్లల విషయం. రెండు వారాలు ఇంటికి దూరంగా పంపడానికి తల్లులు జంకుతారు. ఆ జంకును వెక్కిరించడం సభ్యత కాదు. ఎవరు తోడు వస్తారు, రాత్రి వసతి ఎక్కడ, ఎవరితో మాట్లాడాలి అన్న ప్రశ్నలకు సమాధానం పాఠశాల ఇవ్వవలసి ఉన్నది. ఒక ఉపాధ్యాయిని వెంట వెళ్ళి, చేర్చి వచ్చినచోట అభ్యంతరాలు చాలవరకు సడలుతాయి.

చదువు పల్లెకు వచ్చే రెండవ పద్ధతికి దగ్గరి ఉదాహరణ కుప్పం సమీపాన ఉన్నది. 1999లో ప్రారంభమైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ అక్కడ 172 ఎకరాలలో ప్రయోగశాలల ప్రాంగణం నెలకొల్పి, వ్యానులలోను, మోటారు సైకిళ్ళ మీదను పరికరాలను పల్లె బడులకు పంపుతున్నది. ఆ పరికరాలు అట్టముక్కలు, సీసాలు, అయస్కాంతాలు, అద్దాలు వంటివి. విలువైన యంత్రాలు లేకున్నా ప్రయోగం చేయవచ్చునన్నది అక్కడికి పోయివచ్చిన ఉపాధ్యాయులకు మొదట కలిగే ఆశ్చర్యం.

పరికరం అక్కరలేని ప్రయోగం ఒకటి ఈ తాలూకాల వేసవికే ప్రత్యేకమైనది. ఏప్రిల్ చివరి వారంలో ఒక దినం, మధ్యాహ్నం సుమారు 12 గంటల 17 నిమిషాలకు, నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. బెంగుళూరులో అది ఏప్రిల్ 24 ప్రాంతాన వస్తుంది. చిక్కబళ్ళాపురం, చింతామణులకు మరి ఒకటి రెండు రోజులకు, బాగేపల్లికి 27 ప్రాంతాన వస్తుంది. నీడ లేని ఆ క్షణం దక్షిణం నుండి ఉత్తరానికి ఊరూరా నడిచివస్తుందన్నమాట. బెంగుళూరులో నీడ మాయమైన దినాన బాగేపల్లిలో ఒక మీటరు కర్రకు ఉత్తర దిశగా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది. ఆ నీడ నుండి కోణం కడితే డిగ్రీలో సుమారు ఎనభై పాళ్ళు. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం తిన్నగా కొలిస్తే 90 కిలోమీటర్లు. తొమ్మిదవ తరగతి గణితంతో భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని తేలుతుంది. గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు రెండువేల రెండువందల ఏండ్ల క్రిందట చేసిన కొలత ఇదే. నిజం చెప్పాలంటే పిల్లలకు సరిగా ఆ అంకె రాదు. సూర్యబింబానికి వెడల్పు ఉన్నందున నీడ అంచు మసకగా ఉంటుంది, ఒకరు సెంటీమీటరంటారు, మరొకరు రెండంటారు. అక్కడ పుట్టే తగవే అసలు పాఠం. కొలతలో తప్పు ఎంత, దానిని తగ్గించేదెట్లా అని పిల్లలు వాదించుకోవడం ఏ పాఠ్యపుస్తకంలోను లేదు.

మరొకటి నీరు. బాగేపల్లి, చింతామణి తాలూకాలలో పలు బోరుబావుల నీటిలో ఫ్లోరైడు పరిమితికి మించి ఉన్నది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరు దారి లేనిచోట ఒకటిన్నర వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం. తరగతిలో పిల్లలు నవ్వినప్పుడు పళ్ళపై గోధుమరంగు చారలు కనబడితే కారణం ఈ నీరే, పళ్ళు తోముకోకపోవడం కాదు. శాశ్వత దంతాలు లోపల రూపొందే పసివయసులో తాగిన నీటి గుర్తు అది. జిర్కోనియం-అలిజరిన్ ద్రావణపు ఎర్రని రంగు ఫ్లోరైడు తగిలితే పసుపు పచ్చకు మారుతుంది. చిన్న పరీక్షపెట్టెతో పిల్లలు తమ వీధి బోరు నీటిని, చెరువు నీటిని, వాన నీటిని పోల్చి చూడవచ్చును. కాచితే ఫ్లోరైడు పోతుందన్న నమ్మకాన్ని కూడ పరీక్షించవచ్చును. కాచినకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడుతుందే కాని పోదు. ఈ సంగతి పిల్లవాడు తన చేతితో కనుగొని ఇంటికి పోయి చెబితే, తల్లి మరుసటి ఏడు వాన నీరు పట్టడానికి ఇంటికప్పు కింద తొట్టి కట్టించే ఆలోచన చేస్తుంది. వేసవి శిబిరానికి ఇంతకన్న ప్రయోజనకరమైన అంశం వెదకనక్కరలేదు.

జిల్లాలోనే గౌరిబిదనూరు వద్ద 1976 నుండి పొలాల నడుమ రేడియో దూరదర్శిని పనిచేస్తున్నది. వేయి యాంటెన్నాలను ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో పరచి, కంటికి కనబడని రేడియో తరంగాలతో ఆకాశాన్ని పటం గీసిన స్థలమది. దానికి ముందే అక్కడ అణుశక్తి శాఖ వారి భూకంప కేంద్రం, దూరదేశాల భూగర్భ అణు విస్ఫోటనాలను సైతం పసిగట్టేది, ఏర్పడి ఉన్నది. ఆ తీగలను బస్సు కిటికీలోంచి చూసినవారు వేలమంది ఉందురు. అవి ఏమిటని అడిగినవారు ఎందరో తెలియదు.

శిబిరమన్న పేరు పెట్టుకొన్నవన్నీ మంచివని భ్రమింపరాదు. ఏప్రిల్ రాగానే గోడల మీద వెలిసే ప్రకటనలలో పెక్కు ప్రవేశ పరీక్షల శిక్షణకు మారుపేర్లు. ఉదయం నుండి సాయంత్రం వరకు ప్రశ్నలకు జవాబులు వల్లెవేయించి, రొబోటిక్సు అన్న మాటకు వేల రూపాయలు వసూలు చేసేవి కొన్ని. అప్పు చేసి అట్టి చోటికి పంపడంకంటె పిల్లవానిని తోటలో ఉంచుకోవడమే మేలు. అక్కడ కనీసం మొక్క ఎందుకు వాడిందని ఆలోచిస్తాడు. డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: పిల్లలు అక్కడ తమ చేతులతో ఏమి చేస్తారు?

యువిక ప్రకటన సాధారణంగా ఫిబ్రవరి, మార్చి మాసాలలో వెలువడుతుంది. దరఖాస్తుకు ఎనిమిదవ తరగతి మార్కుల పత్రం, పాఠశాల ధ్రువీకరణ కావాలి. ఆ రెండు నెలలు ప్రకటనఫలకం మీద దృష్టి ఉంచే బాధ్యతను ఒక ఉపాధ్యాయునికి అప్పగించడం, బెంగుళూరులో స్థిరపడిన పూర్వ విద్యార్థులలో కొందరు ఆంగ్ల దరఖాస్తులు నింపడానికి ముందుకు రావడం కష్టసాధ్యమేమీ కాదు. పరీక్షపెట్టెలకయ్యే ఖర్చు జూబ్లీ తోరణాల ఖర్చుకంటె తక్కువ. నీడ ప్రయోగానికి కావలసిన మీటరు కర్ర, తూకపుగుండు ప్రయోగశాల అల్మారాలో ఉండే ఉంటవి. ధ్వజస్తంభానికి ఎడంగా, చెట్టునీడ పడని చోట నేల చదునుచేసి పెట్టుకొంటే ఏప్రిల్ నాటికి సిద్ధంగా ఉంటుంది.