ఏప్రిల్ 15కు ముందు: సముద్ర తాబేలూ మన చట్టాలూ



మా బడిలో ఒక మాస్టారు మాకు జీవశాస్త్రం చెప్పేవారు. చీకటితోనే సైకిలెక్కి సముద్రపొడ్డుకు పోయి, బడి వేళకు తిరిగొచ్చేసేవారు. ఒక జనవరిలో నన్నూ వెంటబెట్టుకెళ్లారు. విశాఖ జోడుగుళ్లపాలెం దగ్గర ఇసుకలో ట్రాక్టరు నడిచినట్టు ఒక జాడ కనిపించింది. నీళ్లలోంచి పైకొచ్చి, మలుపు తిరిగి, మళ్లీ నీళ్లలోకే పోయింది. "సముద్రంలోకి పోయే ట్రాక్టరుంటుందిట్రా?" అన్నారు. మలుపు దగ్గర ఇసుక గట్టిగా అణిగి ఉంది. గుడ్లు పెట్టి గొయ్యి పూడ్చాక తల్లి తాబేలు అటూ ఇటూ ఊగుతూ తన ఒంటితోనే దిమ్మిస కొడుతుందట. ఆ గోతిలో సుమారు నూరు గుడ్లుంటాయి.

ఇంకో ఫర్లాంగు నడిచాక మరో తాబేలు, చచ్చిపడి ఉంది. డిప్ప మీద చిన్న గీత కూడా లేదు. కళ్లు ఉబికి ఉన్నాయి, ముక్కు దగ్గర నెత్తుటి నురగ. ఇవాళ నేను మాట్లాడేది ఆ గూటికీ ఈ చావుకీ మధ్యనున్న ఫర్లాంగు గురించే.

ఇసుక మీద చట్టం గట్టిదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలును పులితో పాటు షెడ్యూల్ 1లో కూర్చోబెట్టింది. దాని గుడ్లు పాడుచేసినా చట్టం లెక్కలో అది వేటే. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తరవాత జరిమానా 25 వేలకు తగ్గదు. గుడ్లు పెట్టే తీరాన్ని 2019 నాటి కోస్తా నియంత్రణ ప్రకటన కూడా కాపాడుతోంది. ఆర్కే బీచ్‌లో, సాగర్‌నగర్‌లో అటవీ శాఖ గుడ్లేరి హేచరీల్లో పాతిపెడుతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తే నీళ్లలో వదులుతారు. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆ పనిని నేనేమీ తప్పు పట్టను. బీచ్ రోడ్డు దీపాల్ని చూసి పిల్లలు దారితప్పే ఊరు మనది, గుడ్లు తవ్వే కుక్కల సంగతి సరేసరి.

నీళ్లలో మాత్రం పెత్తనం మారిపోతుంది. అక్కడ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం, మత్స్యశాఖ. 12 నాటికల్ మైళ్లు దాటితే కేంద్రం. తాబేలు ఊపిరికి పైకి రావాల్సిన జీవి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మరబోట్ల వేట ఆపే రోజులు లేకపోలేదు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. కానీ అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టుకున్న గడువు. మన తీరానికి తాబేళ్లు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా! బోట్లు ఆగేసరికి చాలా తల్లులు వచ్చి పోయి ఉంటాయి, కొన్ని తిరిగి పోనే పోవు. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల ముందు నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర వేట ఆపుతారు. తాబేలు క్యాలెండరు చూసి రాసిన నిబంధన అది.

ఇంకో దారీ ఉంది. వల మెడలో చువ్వల చట్రం బిగిస్తే చేప, రొయ్య సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు పైనున్న కంతలోంచి బయటపడుతుంది. దాన్నే టెడ్ అంటారు. అది లేని వలల రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసుకుంది. మనమూ మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాం. 1998లో వచ్చిన అప్పీలు తీర్పు, అమెరికా ఉద్దేశం సరైనదే గాని అమలులో వివక్ష ఉందని తేల్చింది. కరీబియన్ దేశాలకు ఎక్కువ గడువూ సాయమూ ఇచ్చి, మనకివ్వలేదు. 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా మళ్లీ తలుపు మూసింది. చెరువు రొయ్యకు ఆ బాధ లేదు, దెబ్బ పడింది మన చేపల హార్బరు మీదే.

టెడ్ సంగతెత్తితే బోటువాళ్లు అడిగేది ఒకటే: "సరుకు జారిపోతే డీజిలు డబ్బులెవరిస్తారు బాబూ?" వాణిజ్య సంస్థ తీర్పు మనకు అనుకూలంగా తేల్చిందీ ఇంచుమించు ఇదే కదా, గడువూ సాయమూ లేకుండా నియమం రుద్దకూడదని. అక్కడ మనకు న్యాయమైనది ఇక్కడ జాలరికి ఎందుకు కాదు? కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) మన వలలకు తగిన టెడ్ తయారుచేసింది, దాని పరిశోధన కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది. డబ్బిచ్చి కాపాడించడమూ కొత్త కాదు: శ్రీలంకలో రెకవ తీరాన 1990ల్లో, గుడ్లు తవ్వి అమ్ముకునేవాళ్లకే జీతమిచ్చి గూళ్లకు కాపలా పెట్టారు. వేట నిషేధానికి మనం భృతి ఇస్తూనే ఉన్నాం. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే తీరాల ముందు ట్రాల్ వల ఆపినవారికీ, టెడ్ బిగించినవారికీ అలాగే ఇవ్వాలని నా మనవి.

తెల్లవారుజామున బీచికి నడిచే మిత్రులకు ఇంకొక్క మాట. జాడ కనబడితే తొక్కకండి, అటవీ శాఖకు కబురు పెట్టండి. చచ్చిన తాబేలు కనబడినా అంతే. ముట్టుకోకుండా ఫోటో తీసి, తేదీ, చోటు అటవీ శాఖ దగ్గర రాయించండి.