వేలిముద్రకు ముందు ఒక మాట

(నారాయణఖేడ్‌లో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తల్లిదండ్రులకు బిడ్డపై గల హక్కు చట్టరీత్యా ఎప్పుడు, ఎలా అంతరిస్తుందన్నది నేటి నా ప్రసంగ విషయం. న్యాయమూర్తి నిండు కోర్టులో తీర్పు చెబితే తప్ప ఆ హక్కు పోదని మనలో అనేకులు భావిస్తారు. వాస్తవం వేరు. మన దేశంలో ఆ హక్కు ఒక కాగితంపై వేసిన వేలిముద్రతో, ఆ పిమ్మట మౌనంగా గడిచిపోయిన కొన్ని దినాలతో అంతరించవచ్చు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు కాగితానికి ఎంత బలముంటుందో తెలుసు. అందుకే ఈ మాట మీ ముందు పెడుతున్నాను.

2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం జిల్లాకొక బాలల సంక్షేమ సమితి ఉంటుంది. అందులో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. ఆ సమితికి ప్రథమ శ్రేణి జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు గల అధికారాలున్నాయి. బిడ్డ 'దత్తతకు చట్టరీత్యా స్వేచ్ఛ పొందినట్లు' ప్రకటించేది ఈ సమితియే. ఆ ప్రకటనకు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది అప్పగింత. పెంచలేని పరిస్థితిలో తల్లిదండ్రులు సమితి ఎదుట అప్పగింత పత్రంపై సంతకం చేస్తారు. పునరాలోచనకు చట్టం రెండు నెలల గడువిస్తుంది. ఆలోగా వెనక్కి కోరవచ్చు. గడువు దాటితే ఆ పత్రానికి తిరుగు లేదు. రెండవది, తల్లిదండ్రుల ఆచూకీ తెలియకపోవడం. పత్రికలో ప్రకటన ఇస్తారు, పోలీసులు వెదకుతారు. రెండేళ్ళలోపు శిశువు విషయంలో రెండు నెలలకు, అంతకు పైబడిన పిల్లల విషయంలో నాలుగు నెలలకు విచారణ ముగించి ప్రకటన చేయవచ్చు.

ఈ గడువులను మన ప్రాంతపు బ్రతుకుతో పోల్చి చూడండి. దసరా దాటగానే ఇక్కడి నుంచి ఎన్ని కుటుంబాలు చెరకు కోతకు వలస పోతాయో మీకు తెలియనిది కాదు. నాలుగు నెలలంటే ఒక కోత కాలానికైనా చాలదు. గల్ఫ్‌లో ఉన్న తండ్రికి సెలవు దొరికే వ్యవధి అంతకన్నా ఎక్కువ. పత్రికలో పడిన ప్రకటన ఆ గుడిసెకు, ఆ లేబర్ క్యాంపుకు చేరుతుందన్న భరోసా ఎక్కడిది?

ఆ తర్వాత దత్తత ఉత్తర్వు వస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ ఉత్తర్వును కలెక్టరే ఇస్తున్నారు. అది అమల్లోకి వచ్చిన నాటి నుంచి కన్నవారితో బిడ్డకు గల బంధాలన్నీ చట్టం దృష్టిలో తెగిపోతాయి.

ఇది ఊరక కల్పించిన భయం కాదు. 1999లోను, మళ్ళీ 2001లోను హైదరాబాదులోని కొన్ని దత్తత కేంద్రాల బాగోతం బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి లంబాడా ఆడశిశువులను దళారులు తెచ్చి అమ్మారు. కాగితాలపై మాత్రం అంతా సక్రమం. అమెరికాలోని అలబామాకు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యులు డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో మన రాష్ట్రం నుంచి ఇద్దరు బాలికలను దత్తత తీసుకున్నారు. తల్లి సమ్మతి లేకుండానే వారిని పంపించారని తరువాత వెల్లడైంది. ఆ వైనాన్ని స్మోలిన్ గారే తమ వ్యాసాల్లో లోకానికి తెలియజేశారు. పేదరికాన్నో, ఆడపిల్ల అన్న సంగతినో సాకుగా చూపి శిశువును అప్పగించడాన్ని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. నేడు బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా.

ఇక మన ధర్మం సంగతి. ఇస్లాంలో అనాథను పెంచడం మహా పుణ్యకార్యం. అయితే బిడ్డ నసబ్, అంటే వంశనామం, చెరిపే అధికారం ఎవరికీ లేదు. జైద్ బిన్ హారిసా (రజి) దైవప్రవక్త (స) ఇంట కుమారునిలా పెరిగినా, దైవాదేశం అవతరించిన పిదప తన కన్నతండ్రి పేరుతోనే పిలువబడ్డారు. దైవప్రవక్త (స) స్వయంగా అనాథ. మొదట తాత అబ్దుల్ ముత్తలిబ్, పిమ్మట తండ్రి సోదరుడు అబూ తాలిబ్ ఆయనను సాకారు.

2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఏ మతస్థులైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు, ఇష్టం లేనివారు తమ ధర్మశాస్త్రాన్నే అనుసరించవచ్చు, బలవంతం లేదు. నసబ్ చెడకుండా పెంచదలచిన వారికి 1890 నాటి సంరక్షకుల చట్టం ఉంది. జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకుని సంరక్షకులుగా నియమితులు కావచ్చు. నియామకంలో బిడ్డ క్షేమంతో పాటు వయస్సును, మతాన్ని కూడా కోర్టు పరిగణించాలి.

ఈ కాగితం ఎందుకంటారా? తల్లిదండ్రులు లేక, చట్టబద్ధ సంరక్షకులూ లేని బిడ్డ చట్టం లెక్కలో అనాథ. చిన్నాన్న ఇంట్లో పెరుగుతున్నా, మేనత్త అన్నం పెడుతున్నా, రేపు ప్రశ్న ఎదురైతే వారి చేతిలో చూపడానికి ఏమీ ఉండదు. ప్రేమతో పెంచుతున్న ప్రతి ఇల్లు ఆ ప్రేమకు కోర్టు ముద్ర కూడా వేయించుకోవాలి.

మరొక మాట దాచకుండా చెప్పాలి. బిడ్డ మనకు అమానత్, ఆస్తి కాదు. హింసించే తండ్రి నుంచి, బాల్యవివాహానికి అమ్మజూపే ఇంటి నుంచి పిల్లను ప్రభుత్వం తప్పిస్తే అది న్యాయమే. అటువంటి చోట 'మన ఖౌమ్ వాడు' అని వెనకేసుకు రావడం ద్రోహం. మన పోరాటం పేదరికాన్ని నేరంగా చూసే పద్ధతి మీద. బిడ్డను కుటుంబంలోనే నిలపాలని, సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమని ఆ చట్టమే చెబుతోంది. అందుకే మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. బిడ్డను అప్పగించే ముందు ఈ సాయం అడిగిన తల్లులెందరు? అడగమని చెప్పిన పెద్దలెందరు?

కనుక నా విన్నపం ఇది. చదివించుకోకుండా ఏ కాగితంపైనా వేలిముద్ర వేయకండి. హాస్టలులో చేర్చినా, యతీంఖానాలో చేర్చినా 'చదువు కోసం, తాత్కాలికంగా' అని రాయించి నకలు తీసుకోండి. ఆ సంస్థకు బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో విచారించండి. వలస పోయేవారు తమ చిరునామాను, ఫోను నంబరును పిల్లలున్న చోట రాసి ఇవ్వండి. సమితి ఉత్తర్వు అన్యాయమని తోస్తే 30 రోజుల్లోగా బాలల న్యాయస్థానానికి అప్పీలు చేయవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయవాదిని న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది, ఫోను 15100. పిల్లలకు ఆపద వస్తే 1098.

ప్రతి మసీదు కమిటీ నుంచి చదువుకున్న ఇద్దరు ఈ పనికి పూనుకోవాలి. రెండు నెలల గడువు తల్లికి ఒంటరిగా గడిస్తే అది శిక్ష. మనం వెంట నిలిస్తే అదే గడువు ఆమెకు రక్షణ. అనాథలకు, పేద తల్లులకు అండగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.